రెండో లెక్క

మా మేనమామను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వీధంతా ఆయన్ని లెక్కల మామయ్య అనేవాళ్ళు. ఇంటి ముందు గదిలో ట్యూషన్ చెప్పేవాడు. లెక్క తప్పు చేసినవాళ్ళని బెంచీ ఎక్కించి మిగతావాళ్ళ చేత నవ్వించడం ఆయన పద్ధతి. సొంత మేనకోడలినని వదిలిపెట్టలేదు సరికదా, నాకు గుండుసున్నా అని పేరు కూడా పెట్టాడు. అన్నానికి పిలిచినా ఆ పేరుతోనే పిలిచేవాడు.

నాకు లెక్కలు రావన్నది నిజమే. సైన్సు అంతకన్నా అన్యాయం. గుండెకున్న నాలుగు గదుల్లో ఏది ఎటు ఉంటుందో పరీక్ష వేళకు తారుమారైపోయేది. దశాంశ బిందువు సంగతి సరేసరి, అది నా చేతిలో ఎప్పుడూ ఉండాల్సిన చోట ఉండలేదు. కానీ అమ్మమ్మ మంచం పట్టినప్పుడు ఆమెను పక్కకు తిప్పడం, వీపు తుడవడం, ఒంటి మీద పుండు పడకుండా చూసుకోవడం అన్నీ నేనే చేశాను. ఆ పని నాకు నచ్చింది. నర్సింగ్‌లో చేరతానని ఇంట్లో చెబితే మామయ్య పకపకా నవ్వాడు.

“సైన్సు రాదు, లెక్కలు రావు. ఎవరి ప్రాణం మీదికి తేవాలనే నీ ఆలోచన?”

ఆ మాట పూర్తిగా అబద్ధమైతే నాకంత కోపం వచ్చేది కాదు. పంతం పట్టి చేరాను గానీ, మందు మోతాదు లెక్కల పరీక్ష మొదటిసారి తప్పాను. రెండోసారీ తప్పాను. రెండున్నర రాయాల్సిన చోట ఇరవై ఐదు రాశాను. ఇదే వార్డులో జరిగితే ఆ రోగి ఏమయ్యేవాడని మా శిక్షణ చూసే పెద్ద సిస్టర్ అడిగింది.

మూడోసారే ఆఖరు. ఈసారి పరీక్ష తరగతి గదిలో కాదు, వార్డులో, రోగి పక్కన, పెద్ద సిస్టర్ చూస్తుండగా. తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. గుమ్మంలో మామయ్య నవ్వు ముఖం ఊహకొచ్చి నాకు పట్టుదల పెరిగింది. బస్సులో, బట్టలు ఉతుకుతూ, తల దువ్వుకుంటూ లెక్కలే. ఏ లెక్కకైనా ముందు నన్ను నేను ఒకటే అడిగేదాన్ని: సీసాలో ఉన్నదానికంటే ఎక్కువ కావాలా, తక్కువ కావాలా? ఆ సంగతి తేలాకే కాగితం ముట్టుకునేదాన్ని. మామయ్య నన్ను ఒక్కనాడూ అలా అడగలేదు. సూత్రం చెప్పు, సూత్రం చెప్పు అని బెత్తం ఆడించేవాడు.

పరీక్ష రోజు నాకిచ్చిన మంచం మీద మామయ్య పడుకుని ఉన్నాడు. కాలి పుండు ముదిరితే ముందురోజు చేర్చారట. నా పరీక్ష పాడవుతుందని అమ్మ చెప్పకుండా దాచిందట. వేరే మంచం ఇవ్వమని పెద్ద సిస్టర్‌ని అడిగాను. ఇంత చిన్న ఆసుపత్రిలో ప్రతి మంచం మీదా ఎవరో ఒకరి చుట్టమే ఉంటాడనీ, రోగికి అభ్యంతరం లేకపోతే మొదలుపెట్టమనీ అంది. మామయ్య నన్ను ఎగాదిగా చూసి, అభ్యంతరమేమీ లేదు గానీ గుండుసున్నా వేసిన లెక్క తను చూశాకే సూది అన్నాడు. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. మళ్ళీ బెంచీ ఎక్కినట్టే అనిపించింది. కోపాన్ని దిగమింగి మందు చీటీ అందుకున్నాను.

డాక్టరు రాసింది అరవై మిల్లీగ్రాములు. సీసాలో రెండు మిల్లీలీటర్లలో ఎనభై ఉంది. అంటే సీసా మొత్తం పట్టదు, తక్కువే కావాలి. లెక్క వేశాను. ఒకటిన్నర మిల్లీలీటర్లు. మళ్ళీ వేశాను. ఒకటిన్నరే.

మోతాదు తప్పితే ప్రమాదమయ్యే ఇలాంటి మందుని మా వార్డులో ఒకరు వేసిన లెక్కతో ఎక్కించరు. ఇంకో నర్సు మొదటి కాగితం చూడకుండా తన లెక్క తను వేసుకోవాలి. రెండు జవాబులూ కలిస్తేనే సూది. ఆ రెండో లెక్క వేయాల్సిన కళ్ళజోడు సిస్టర్ ఎదుటి గదిలో, వాంతులు చేసుకుంటున్న ముసలమ్మ దగ్గర ఇరుక్కుపోయింది. నేను కాగితం బోర్లించి నిలబడ్డాను. మందు వేళ దాటుతోంది. పరీక్ష పెట్టేది తనే కాబట్టి పెద్ద సిస్టర్ ఆ లెక్క వేయకూడదు, నేనేం చేస్తానో చూస్తోంది.

మామయ్య చెయ్యి చాచి నా కాగితం లాక్కున్నాడు. కళ్ళు చికిలించి పైనుంచి కిందికి చదివాడు, మళ్ళీ చదివాడు. ముఖంలో నవ్వు పోయింది.

“రైటే. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, నేను చూశానుగా. ఇచ్చెయ్.”

రైటు. ఆ ఒక్క మాట కోసం చిన్నప్పుడు ఎన్ని సాయంత్రాలు పలక చెరిపి చెరిపి రాశానో నాకే తెలుసు. అప్పుడు నోరు పెగలని మనిషి ఇప్పుడు మంచం మీద పడుకుని దానం చేస్తున్నాడు. సంతోషం రావాల్సింది పోయి కోపం నషాళానికి అంటింది.

“మీ రైటు ఇక్కడ చెల్లదు మామయ్యా. మీరు నా కాగితం చూసి చెప్పారు. చూడకుండా వెయ్యాలి, అదీ ఇంకో నర్సు. ఆవిడ వచ్చేదాకా ఆగండి.”

పక్క మంచాలవాళ్ళు ఈసారి నవ్వలేదు. మామయ్య కాగితం తిరిగి ఇచ్చేశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

“ఆవిడకి వేరే జవాబు వస్తే?”

“ఇద్దరం మళ్ళీ మొదట్నుంచి వేస్తాం.”

“తప్పు చేసిందెవరో తేల్చరా?”

“తేలుస్తాం. నవ్వం.”



కళ్ళజోడు సిస్టర్ చేతులు కడుక్కుని వచ్చింది. నా కాగితం చూడకుండా తన లెక్క తను వేసుకుని ఒకటిన్నర అంది. నేను కాగితం తిప్పి చూపించాను. పెద్ద సిస్టర్ నేను పాసయ్యానని చెప్పింది. ఆయన మాట విని ఆగకుండా ఇచ్చి ఉంటే, జవాబు సరైనదే అయినా ఇంటికి పంపేసేదాన్నని కూడా చెప్పింది.

సిరంజిలోకి మందు లాగి మామయ్య చెయ్యి పట్టుకున్నాను. నా కాగితాల మీద ఎర్ర సిరాతో సున్నాలు చుట్టిన చెయ్యి అదే. నా కోపం చల్లారిందా అంటే, లేదు. ఆయన క్షమించమని అడగలేదు, అడుగుతాడని నేనూ ఎదురుచూడలేదు. ఆ మందు గబగబా తోస్తే నరం మండిపోతుంది. నెమ్మదిగా ఎక్కించాను.