నోరు మూసిన చోటు

నా భర్త సెడ్రిక్ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టంగా ఉండేది. నటులకి నోరు ఆడించడం నేర్పేవాడు. ఆయన పనిచేసిన ఒక టీవీ సీరియల్లో మనుషులు మామూలుగా మాట్లాడుతూనే ఉన్నట్టుండి పాత గ్రామఫోన్ పాట అందుకునేవారు. గొంతు 1930ల నాటి గాయకులది, నోరు వీళ్లది. పెదవులు కలిస్తే చాలదనేవాడు సెడ్రిక్. గాయని ఊపిరి తీసుకున్న చోట నటి భుజాలు కూడా లేవాలట.

అందులో బడిపంతులమ్మ వేషం వేసిన నోరీన్ పాస్కో లండన్ ఈలింగ్‌లో మా వీధిలోనే ఉంటుంది. తన పాటని మా వంటింట్లోనే నేర్చుకుంది, మా అరిగిన రికార్డు మీద. చివరి చరణంలో గీత పడి ముల్లు ఎగిరేది, పాట ఒక్క క్షణం ఆగేది. నోరీన్ అక్కడ పెదవులు మూసి, మళ్లీ తెరిచేది. అదే అలవాటైపోయింది. తీరా చిత్రీకరణ రోజున గీత లేని రికార్డు పెట్టారు. పాట సాగిపోతుంటే ఈమె నోరు మూసింది. దర్శకుడు విసుక్కున్నాడు. నోరీన్ ఆ పొద్దంతా కూర్చుని అలవాటు వదిలించుకుంది. టీవీలో వచ్చినదాంట్లో ఆ ఆగడం లేనేలేదు.

తర్వాత ఆ కథని అమెరికావాళ్లు సినిమాకి కొన్నారు. సినిమా వచ్చాక కొన్నేళ్లపాటు సీరియల్ని మళ్లీ వేయకూడదని ఒప్పందం.

"అంటే నేను చేసింది ఇక ఎవరి కంటా పడదు," అంది నోరీన్, టీలో బిస్కెట్ ముంచుతూ. "సినిమాలోనైనా నన్ను పెట్టుకోవాలి మరి."

"పెట్టుకునేలా చూస్తా. లండన్ వచ్చిన సినిమావాళ్లతో మాట్లాడేది నేనేగా," అన్నాడు సెడ్రిక్.

ఆ మాట పట్టుకుని ఆమె రోజూ మధ్యాహ్నం వచ్చేది.

"మీ ఆయనకి కబురేమైనా వచ్చిందా, హిలరీ?"

"లేదంటున్నాడు."

"లేదా, లేదంటున్నాడా?"

నేను ఆమె కప్పులో మళ్లీ టీ పోశాను. అప్పటికే సెడ్రిక్ మంగళవారాలు చిన్న గ్రామఫోన్ పెట్టె పట్టుకుని బయల్దేరుతున్నాడు. రిచ్మండ్‌లో ఏదో బడిలో పిల్లలకి పాటలట. పిల్లల దగ్గరికి పెళ్లిళ్లకి కట్టే టై ఎందుకో నాకు అర్థం కాలేదు. బడులకి సెలవులిచ్చిన వారం కూడా వెళ్లాడు.

"సెలవుల్లో కూడా వస్తున్నారా పిల్లలు?" అన్నాను.

"శ్రద్ధ గల పిల్లలు," అన్నాడు, బూట్ల తాడు కట్టుకుంటూ.

ఆడదాని వ్యవహారమేమో అనుకున్నాను మొదట. అదైతే తేలిగ్గా ఉండేది. కానీ అల్మారా దుమ్ము దులిపేది నేనే. రికార్డు కవర్లన్నీ మూతి గోడవైపు పెడతాడు సెడ్రిక్, లోపలికి దుమ్ము పోకుండా. ఒక్క కవరు మాత్రం ప్రతి బుధవారం మూతి ఇటు తిరిగి ఉండేది. నోరీన్ పాట అది. నేను దాన్ని సరిగా తిప్పి పెట్టేదాన్ని, మళ్లీ వారం అలాగే ఉండేది.

చలికాలంలో సినిమావాళ్లు ఎవరో అమెరికా అమ్మాయిని తీసుకున్నారని తెలిసింది.

"నన్ను పిలిచి చూడను కూడా లేదు," అంది నోరీన్. "మీ ఆయన నా పేరు చెప్పాడంటావా?"

సెడ్రిక్ పేపరు వెనకనుంచి, "చెప్పాను, వినలేదు," అన్నాడు. పేజీ తిప్పలేదు.

సినిమా వచ్చింది. మధ్యాహ్నం ఆటకి నోరీన్, నేను వెళ్లాం. సెడ్రిక్‌కి జలుబట. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. బడిపంతులమ్మ పాట వచ్చింది. అమ్మాయి బాగానే చేసింది, భుజాలు కూడా లేచాయి. చివరి చరణంలో గొంతు ఆగకుండా సాగుతూనే ఉంది. ఆమె మాత్రం పెదవులు మూసి, మళ్లీ తెరిచింది. చూసేవాళ్లకి ఆ పంతులమ్మ పాడలేక ఆగినట్టే ఉంది. ముందు వరసలో ఒకావిడ ముక్కు తుడుచుకుంది.

నోరీన్ నావైపు తిరగలేదు. "ఇది టీవీలో చూసి నేర్చింది కాదు," అంది మెల్లగా.

బయట వాన. మా వీధి మొదట్లో బస్సు దిగాం. ఆమె తన ఇల్లు దాటి నేరుగా మా ఇంటికి వచ్చింది.

సెడ్రిక్ మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. "ఎలా ఉంది?"

"నా పాట పెట్టు," అంది నోరీన్, కోటు విప్పకుండానే.

"ఇప్పుడా? తడిసిపోయి ఉన్నావు..."

"పెట్టు సెడ్రిక్."

పెట్టాడు. గీత దగ్గర ముల్లు ఎగిరింది. నోరీన్ పెదవులు మూసి, తెరిచింది, ఆయన్నే చూస్తూ.

సెడ్రిక్ ముల్లు పైకెత్తాడు. "నీకు వయసు మించిందన్నారు సినిమావాళ్లు. ఎవర్నో ఒకర్ని ఎలాగూ తీసుకుంటారు," అన్నాడు. "అందుకే మంగళవారాలు ఆ అమ్మాయికి నేర్పాను. నువ్వు చేసిన తీరైనా మిగలాలనుకున్నా."

"నాతో ఒక్క మాట అనుంటే ఆ పిల్లకి నేనే నేర్పేదాన్ని."

నోరీన్ రికార్డు తీసి కవర్లో పెట్టుకుంది. తర్వాత ఆ చిన్న గ్రామఫోన్ పెట్టె మూసి, అది కూడా చేతిలోకి తీసుకుంది. సెడ్రిక్ అడ్డుపడబోయి, నేనేమైనా అంటానేమోనని నావైపు చూశాడు.

ఆమె రెండు చేతులూ ఖాళీగా లేవు. నేను వెళ్లి వీధి తలుపు తీసి పట్టుకున్నాను.