ఒంటికన్ను పుంజుకు పద్రినో

రోడ్డు అవతల తన దుకాణం బోర్డు మీది పుంజు బొమ్మే కనిపించిన రోజు నుంచి ఎదెల్మీరాకు తిండి సయించడం లేదు. పెరూ రాజధాని లీమాలో ఉండే కంపెనీ యజమాని డాన్ ఒక్తావియో దగ్గర ‘ఒంటికన్ను పుంజు’ ఫ్రాంచైజీ తీసుకుని, చిక్లాయోలో బొగ్గుల మీద కాల్చిన కోడి అమ్ముకుంటోంది. ఆ ఊళ్లో ఆ పేరూ, ఆ బొమ్మా ఆమె ఒక్కర్తికే. పొలం అమ్మి మరీ తీసుకుంది. ఇప్పుడు ఫౌస్తో అనేవాడు అదే పేరు, అదే గుడ్డికన్ను బొమ్మ పెట్టుకుని ఆమె గిరాకీ అంతా లాగేసుకుంటున్నాడు.

పోనీ వెళ్లి వాడి బోర్డు పీకించేద్దామా అంటే ఒప్పందం అడ్డం. ఎవడైనా ట్రేడ్‌మార్కు కొట్టేస్తే వెంటనే చెప్పడం ఆమె బాధ్యత. పోట్లాడే హక్కు మాత్రం కంపెనీదే. ఆమె చెప్పింది. మళ్లీ మళ్లీ చెప్పింది. ఎట్టకేలకు కంపెనీ లాయరు ఫోన్ చేశాడు.

“అమ్మా, మీరు పంపిన ఫొటోలు చూశాం. మీ పుంజు జుట్టు నారింజ రంగులో ఉందేంటి? ఎర్రగా ఉండాలి కదా!”

“దొంగ సంగతి చూడవయ్యా అంటే జుట్టు సంగతి చూస్తావా? ఎండకి వెలిసింది!”

“గుర్తుని ఉన్నదున్నట్టు ఉంచడం మీ బాధ్యతమ్మా.”

“మరి మీ బాధ్యతో?”

“పరిశీలిస్తున్నాం.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా తిట్టుకుంటూనే నిచ్చెన ఎక్కి ఎర్రరంగు పూసింది. అవతలి పుంజుకు నీలం జుట్టున్నా అడిగే దిక్కు లేదు.

చివరికి డాన్ ఒక్తావియోయే ఊరికి వచ్చాడు. ఆమె ఆయన్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. లోపల్నుంచి ఫౌస్తో పరుగున వచ్చి ఆయన్ని కావలించుకున్నాడు.

“పద్రినో! ఎన్నాళ్లకి!”

గోడమీద ఫొటో ఉంది. ఎదెల్మీరా ఊళ్లో లేనప్పుడు ఈ దుకాణం తెరిచిన రోజున, పద్రినోగా, అంటే కొత్త దుకాణాన్ని దీవించి తెరిచే అతిథిగా, వచ్చిన పెద్దమనిషి రిబ్బను కట్టిన చిన్న సుత్తితో సీసా పగలగొట్టి, బోర్డు మీది గుడ్డ లాగి నవ్వుతున్నాడు. ఆ పెద్దమనిషి సాక్షాత్తూ డాన్ ఒక్తావియో.

ఎదెల్మీరా ఆ ఫొటో వైపు వేలు చూపించింది.

“ఏంటండీ ఇది?”

“పిలిచారు, వచ్చాను. పద్రినోగా రమ్మంటే ఎవర్నైనా కాదన్నానా? మన దుకాణాలు ఊరూరా ఉన్నాయి కదా, ఇదీ మనదే అనుకున్నా.”

“అనుకున్నారా! తెలిశాకైనా కేసు వేయండి మరి!”

“నా చేత్తో దీవించి నేనే కోర్టుకీడిస్తే జనం నవ్వరూ? పైగా ఆ ఫొటో చూపిస్తే మనకే ఎదురు తిరుగుతుందంటున్నాడు లాయరు. కాస్త సర్దుకో తల్లీ.”

“అయితే నన్ను వదిలేయండి. నా పేరు పెట్టుకుని అమ్ముకుంటా.”

“అదెలా కుదురుతుంది? మానేసినా కొన్నేళ్లు కోడి అమ్మకూడదని రాసుకున్నాం. ఒప్పందం ఒప్పందమే.”

అంటే వాడికి దీవెన, తనకు సంకెళ్లు. ఆ ఫొటో వైపే చూస్తూ నిలబడింది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది.

“రేపు కొత్త బోర్డు పెడుతున్నానండీ. మీరే పద్రినోగా రావాలి.”

డాన్ ఒక్తావియో ముఖం చాటంత అయింది.

“అదీ మాట! తప్పకుండా వస్తా.”

మర్నాడు మధ్యాహ్నం వీధంతా పోగైంది. ఫౌస్తో కూడా కోటు తొడుక్కుని వచ్చాడు. డాన్ ఒక్తావియో సీసా పగలగొట్టాడు, గుడ్డ లాగాడు, అలవాటుగా చప్పట్లు కొట్టాడు. చుట్టూ అందరూ ఆగిపోయినా ఆయన ఇంకా కొడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత తలెత్తి చదివాడు.

బోర్డు మీద పుంజు లేదు. ‘ఎదెల్మీరా కోడి’ అని మాత్రమే ఉంది.

“ఇదేంటమ్మా?”

ఎదెల్మీరా ఆయన పక్కన సర్దుకుని నిలబడి, ఫొటో తీసేవాడికి చెప్పింది.

“సుత్తీ, బోర్డూ రెండూ పడాలయ్యా.” తర్వాత ఆయన వైపు తిరిగింది. “నవ్వండి పద్రినో. రేపు నన్ను కోర్టుకీడిస్తే జనం నవ్వరూ?”