చివరి గడిలోని మాట

అమ్మన్న ముప్పై రెండో పేరు దగ్గర వేలిముద్ర వేయించి స్టాంపు ప్యాడు మూసాడు. హిందీవాళ్ళ ఊరు సిర్గిట్టిలో గోదాము కడుతున్న చోట రోజూ పొద్దున్నే ఇదే తంతు. పనివాళ్ళు ముప్పై ఎనిమిది మంది, సేఫ్టీ బెల్టులు పన్నెండు. ఆ పన్నెండూ కవరు విప్పకుండా స్టోరు గోడకు వేలాడుతుంటాయి. రిజిస్టరులో మాత్రం ప్రతి పేరుకూ హిందీలో ‘బెల్టు ఇచ్చాం’ అని రాయాలి. ఎవడైనా పడి చస్తే కాంట్రాక్టరు మీద కేసు పడకుండా కాపాడే పుస్తకం మరి.

ఆ రిజిస్టరు రాసే గుమాస్తా అమ్మన్నకు యాభై ఎనిమిదేళ్ళు. బక్క మనిషి. కళ్ళజోడు జారుతూనే ఉంటుంది. ఎడమ బొటనవేలికి ఊదారంగు సిరా ఎన్నడూ వదలదు. తండ్రి లోకో షెడ్డులో ఫిట్టరు. “సేసింది సేసినట్టు రాయాల్రా, నేకపోతే ఎనకొచ్చినోడు సస్తాడు” అనేవాడు. కొడుక్కి రైల్వే ఉద్యోగం అబ్బలేదుగానీ ఆ మాట అబ్బింది. అందుకే ప్రతి పేరు చివరి గడిలో, చీమ తలకాయంత తెలుగు అక్షరాలతో ‘ఇవ్వలేదు’ అని రాసేవాడు. అక్కడ తెలుగు చదివేవాడెవడు గనక! భార్య నీలవేణి పోయి ఆరేళ్ళు. ఇల్లుగలావిడ అప్పలనర్సమ్మకు బొత్తిగా చెవుడు. మాట్లాడే మనిషి లేక, పాపం, ఆ గడిలోనే మాట్లాడుకునేవాడు. ‘ఇవ్వలేదు. ఈ రోజు వంకాయ మాడ్చాను.’

పది గంటలకు సూపర్‌వైజరు జయప్రకాష్ పరుగున వచ్చాడు. “ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. పైన ఆరుగురు మిగిలారు, ఎక్కి వేలిముద్రలు వేయించుకురా.”

“నాకు బెల్టు?” అన్నాడు అమ్మన్న, హిందీలోనే.

“రెండు నిమిషాల పనికి బెల్టేమిటి చాచా? కవర్లు చింపితే ఇన్‌స్పెక్టరుకు ఏం చూపించను?”

అమ్మన్న తన పేరు కూడా రాసుకుని, వేలిముద్ర వేసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని ఎక్కాడు. ముప్పై అడుగుల ఎత్తున పరంజా చెక్క ఒకటి తిరగబడింది. సిమెంటు కలిపే మిషను మోతలో, అమ్మన్న పడిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. కాసేపటిదాకా ఎవరూ చూడనూ లేదు.

శవాన్ని గుర్తుపట్టడానికి వేరే ఎవరూ లేక, సాయంత్రం పోలీసులు అప్పలనర్సమ్మనే తీసుకొచ్చారు. ఠాణాలో జయప్రకాష్ రిజిస్టరు ముందుకు తోశాడు. “బెల్టు తీసుకున్నట్టు తన చేత్తోనే రాసుకున్నాడు సాబ్. తొడుక్కోకపోతే తప్పు మాదా?”

ఎస్సై అమ్మన్న పేరు వరసలో చివరి గడి మీద వేలు పెట్టి, ఏమిటిదని ఆమెను సైగ చేశాడు. అప్పలనర్సమ్మ కళ్ళు చికిలించి, చెవిటివాళ్ళు చదివినట్టే గట్టిగా చదివింది. “‘నాకూ ఇవ్వలేదు. ఎక్కమన్నారు. భయంగా ఉంది.’”

వెనక పేజీలు తిప్పింది. అన్నిటా ‘ఇవ్వలేదు’ అనే మాటే. “కిసీకో నహీ దియా బాబూ, బెల్టు కిసీకో నహీ దియా” అని, ఎవరికీ ఇవ్వలేదన్న సంగతి ఎస్సైకి హిందీలో చెప్పింది. వంకాయ మాట దగ్గర ఆమె వేలు ఆగింది. “ఏటి నాయనా, నాకు సూపిస్తే సదివీదాన్ని గదా!”

ఎస్సై కాంట్రాక్టరు పేరు, చిరునామా రాసుకోమని కానిస్టేబుల్‌తో చెప్పాడు.

బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. ఆ చివరి మాటల పక్కన ఊదారంగు బొటనవేలి ముద్ర, కొద్దిగా అలుక్కుపోయి.