కొండబాటకు పడ్డ తాళం

కొండ మీదికి వెళ్లే బాటకు అడ్డంగా ఇనుప గేటు, దానికో తాళం. గుర్రాలావిడ జీను మీద నుంచే వంగి ఆ తాళాన్ని రెండుసార్లు గుంజి చూసి, గుర్రాన్ని వెనక్కి తిప్పింది. ఆ బాట పోయే పొలాన్ని కొత్తగా కొన్న పాడిరైతు పెట్టించాడట.

నడవలేని పెద్దలను, మారాం చేసే పిల్లలను గుర్రమెక్కించి కొండ చూపించడం ఆమె బతుకుతెరువు. మర్నాడే సర్వే ఆఫీసుకు వెళ్లింది.

"ఇరవై ఏళ్లుగా జనం నడిచిన దారని తేలితే ఎవరూ మూయలేరమ్మా," అన్నాడు గుమాస్తా. "కానీ గుర్రాలవాళ్లు చెబితే చాలదు. నడిచేవాళ్లూ సంతకాలు పెట్టాలి."

నడిచేవాళ్లను పోగేసి వారం వారం కొండెక్కించేది ఆమె ఆడపడుచే. కిందటి వానల్లో ఈమె గుర్రాలు తొక్కిన బురదలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆడపడుచు టైలరు. వదిన గుమ్మంలో నిలబడినా మిషను ఆపలేదు.

"ఏం వదినా, చొక్కా కుట్టించుకోవడానికా? కొలతలు పెరిగినట్టున్నాయే!"

"నా కొలతలకేం గానీ, చెయ్యి ఎలా ఉంది?"

మిషను ఆగింది. "ఎనిమిది నెలలకు గుర్తొచ్చిందా?"

"రోజూ గుర్తొచ్చింది. రావడానికే మొహం చెల్లలేదు. వాన పడ్డ మర్నాడు గుర్రాలను తోలకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

"ఆ ముక్క అప్పుడే అనుంటే చెయ్యి సగం అప్పుడే అతుక్కునేది," అంటూ ఆడపడుచు కుర్చీ జరిపింది. "కూర్చో."

ఇద్దరూ కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి అరవై సంతకాలు పెట్టించారు. ఆ కాగితాలు ఆఫీసులో ఇచ్చేముందు, ఒక్కసారి రైతుతో మాట్లాడదామని వెళ్లారు.

"సరదాకి వేశానా తాళం?" అన్నాడతను. "అంతకుముందు బాటకున్న తడికను మీలో ఎవరో తీసి, మళ్లీ వెయ్యకుండా పోయారు. నా దూడ రోడ్డెక్కి లారీ కింద పడింది. తల్లి పాలివ్వకపోతే సీసాతో నేనే పట్టి పెంచానమ్మా దాన్ని."

వదిన సంచీలోని కాగితాలు బయటికి తియ్యలేకపోయింది.

"ఏ రంగు దూడ?" ఆడపడుచు మెల్లగా అడిగింది.

"నల్లది. నుదుట చుక్క."

"మాకు తెలీలేదు బాబూ. తెలిసుంటే ముందే వచ్చేవాళ్లం."

చాలాసేపు ముగ్గురూ పశువుల పాక అరుగు మీదే కూర్చున్నారు. లేచేసరికి మాట కుదిరింది. వదిలేస్తే తనంతట తానే మూసుకునే గేటు పెట్టాలి. రౌతు దిగకుండా అందుకునేంత ఎత్తులో గొళ్లెం ఉండాలి. వాన పడితే రెండ్రోజులు గుర్రాలు కొండెక్కకూడదు. చివరికి అరవై ఒకటో సంతకం రైతే పెట్టాడు. నెల తిరక్కుండా ఆ బాట అందరిదని సర్వే పటంలోకి ఎక్కింది.

బాట తెరిచిన ఉదయం రైతు మొహమాటపడుతూ వచ్చాడు. "పొలం కొన్నానే గానీ, నేనెప్పుడూ పైకి ఎక్కలేదు. నన్నూ తీసుకెళ్తారా?"

"నడుస్తావా, గుర్రమెక్కుతావా?" అంది వదిన.

"గుర్రమంటే భయమండీ."

"అయితే నువ్వు మా జట్టు," అని ఆడపడుచు అతన్ని తన పక్కకు పిలిచింది.