కీ ఇచ్చే మనిషి

ఈ పోస్టుమేన్ వాచీ ఒకటి, ఎప్పుడూ ఇంతే, కీ వేలికి దొరకదు, బతికున్నప్పుడు ఆయనా అంతే కదా, ఉత్తరం కోసం ఎదురుచూసేవాళ్ళకి ఒక్కనాడూ దొరికేవాడు కాదు, అనుకుంటూ మహిమ చీర కొంగు అడ్డం పెట్టి కీ తిప్పింది, ఇక చాలు అన్నట్టు అది బిగుసుకోగానే ట్రేలో పెట్టి పక్కది తీసింది, ఇది టీచరమ్మది, చిన్న ప్రాణం, మెల్లగా తిప్పాలి, తర్వాతది లారీ డ్రైవరుది, దీనికి ఎంత తిప్పినా ఆశ తీరదు, ఆ కింద గొలుసుల జేబు గడియారాలు, తెల్లదొరల కాలంలో ఆసుపత్రిలో పనిచేసిన తాతలవి, వాటికి వేలి చివర కాదు, చెయ్యంతా పెట్టి తిప్పాలి, స్టీలు బీరువా తలుపులు తీస్తే చాలు ఇల్లంతా కీచురాళ్ళ చప్పుడు, మొదట్లో పెళ్ళయి వచ్చినప్పుడు నిద్ర పట్టేది కాదు, తర్వాత ఆ చప్పుడు లేకుండా పుట్టింట్లో నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు పడుతోందో లేదో తెలియదు, పడుకుంటోంది, లేస్తోంది, పొద్దున ఉగ్గాని చేసుకుని తింది, ఉప్పు వేసిందో లేదో నాలుక చెప్పలేదు, కడుపులో బాధ కూడా లేదు, ఖాళీ చేసిన ఇంట్లో తిరుగుతున్నట్టుంది అంతే, జ్ఞానరాజు వానకాలంలో పోయాడు, అప్పట్నించీ ఈ వాచీలే, భర్త పోయినాక పిల్లలు లేని ఆడదానికి ఏం మిగులుతాయంటే ఊళ్ళో వాళ్ళ మొగుళ్ళ వాచీలు మిగిలాయని ఒకసారి తనే అనుకుని నవ్వబోయింది, నవ్వు కూడా రాలేదు.

దీనంతటికీ కారణం ఆ ముసలామె, పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు, జ్ఞానరాజు డోన్ అవతల రైల్వే గేటు కాసే రోజుల్లో చేతిలో మొగుడి వాచీ పట్టుకుని వచ్చింది, నాయనా, ఇది ఇంట్లో ఉంటే కీ ఇచ్చేది ఎవురో ఒకరం మరిచిపోతాండాం, అది నిలిచిపోయిన పొద్దు ఆయప్ప మళ్ళీ పోయినట్టే ఉంటాది, నువ్వు బండ్లకి యాళ తప్పనోడివి, నీకాడ ఉండనీ, అంది, ఆయన సరేనన్నాడు, ఆయన దేనికి కాదన్నాడు గనక, ఆమె ఇంకొకామెకు చెప్పింది, అలా పాకిపోయింది, డోన్‌లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊరి చర్చి సంఘంలో ఎవరు పోయినా పెట్టె మూత వేసే ముందు జ్ఞానరాజు ముందుకు వచ్చి పోయినవాళ్ళ చేతి వాచీ విప్పడం, చెవి దగ్గర పెట్టుకుని వినడం, చొక్కా జేబులో వేసుకోవడం ఆచారమైపోయింది, ప్రార్థనకి అయ్యగారు ఎంతో వాచీకి ఆయన అంత, ఆయన రాకుండా మూత వేసిన పెట్టె లేదు, ఎవరో కుర్రాళ్ళు సెల్లుతో నడిచే వాచీ తెస్తే తిప్పి చూసి దీనికి మనిషితో పని లేదప్పా, మీ ఇంట్లోనే పెట్టుకోండి అని వెనక్కి ఇచ్చేశాడు, ఇంకా గురమ్మ, కూలికి పోతూ పోతూ వారానికోసారి వచ్చి కొడుకు వాచీ ఇమ్మని, చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, నడుస్తాండాడు మా, అని తిరిగి ఇచ్చేస్తుంది, మొన్న కూడా వచ్చింది, నడుస్తాండాడు అంది, మహిమ తల ఊపి ట్రేలో పెట్టేసింది, గురమ్మ ఆమె మొహంలోకి చూసి, నువ్వు ఏడ్చకపోతే ఎట్ల మా, ఏడ్చేయి, అంది, ఏడవడానికి కూడా ఎక్కడో ఒక కీ ఉండాలి కదా అనిపించింది మహిమకి.

ఫోను మోగింది, దావీదురాజు అయ్యగారు, మహిమమ్మా, కోడుమూరు ఏసన్నని ప్రభువు పిలుచుకున్నాడు, ఈ పొద్దు మధ్యాహ్నం సమాధి, వస్తాండావు కదమ్మా, వస్తానయ్యగారూ, అంది, అట్లనే ఆ వాచీల సంగతి కూడా ఈడనే తేల్చేద్దాము, అందరూ ఉంటారు, అన్నాడు, ఆ సంగతి ఆమెకి తెలిసిందే, కొత్తగా కట్టిన గుడి హాల్లో అద్దాల బీరువా చేయిస్తున్నారు, ఎవరి వాచీ కింద వాళ్ళ పేరు రాసి వరుసగా పెడతారు, జ్ఞానరాజు జ్ఞాపకార్థం అని పైన బోర్డు, మొదటిసారి చెప్పినప్పుడు మరి కీ ఎవరిస్తారయ్యగారూ అని అడిగింది, ఆయన కొంచెం ఇబ్బందిగా, చూసేదానికే కదమ్మా, అద్దంలో పెట్టినాక తాళం తీసేది శానా కష్టం, నీకూ ఈ భారం ఎన్నాళ్ళు, అన్నాడు, మంచి మనిషే, ఆమె మంచికే అన్నాడు, నిలిచిపోతాయి అన్నమాట, అన్నీ, నిలిచిపోనీ, ఎక్కడో ఒకచోట నొప్పి పుడుతుందేమోనని ఒంట్లో వెతుక్కుంది, బొటనవేలి మీద కాయ కాచిన చోట తప్ప ఎక్కడా ఏమీ లేదు, ఇవాళ సరేనని చెప్పేయాలి, చెప్పేస్తే రేపట్నించి పొద్దున లేచి చేసే పని ఉండదు, అది మంచిదో చెడ్డదో కూడా తెలియలేదు, మిగతావాటికి కీ ఇచ్చి బీరువా మూసింది.

బస్సులో ఉల్లిగడ్డ బస్తాల మధ్య సీటు దొరికింది, కండక్టరు యాడికి మా అంటే కోడుమూరు అంది, కిటికీ అవతల ఎర్రటి చెలకలు, కోసేసిన వేరుశనగ చేలు, మేకలు, మళ్ళీ చెలకలు, ఈ దోవన ఆయనతో ఎన్నిసార్లు వచ్చిందో, సమాధులకేగా ఆయన షికారు, వేరే ఆడవాళ్ళని మొగుళ్ళు సినిమాకి తీసుకుపోతే నన్ను చావులకి తీసుకుపోతాండావు అని దెప్పేది, ఆయన నవ్వి, తిరిగి వచ్చేటప్పుడు జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు, ఎవరికైనా తగులుతుందేమోనని, బస్సు కుదుపుకి ఇప్పుడామె చెయ్యి తనంతట తనే గుండెల మీదికి పోయింది, అక్కడ ఏమీ లేదు, చెయ్యి దించుకుంది, పక్కనున్నామె సచ్చినోళ్ళింటికా మా అని అడిగితే అవునంది, ఏమవుతారు అంటే ఏమీ కారంది, నిజమే, ఏసన్న ఏమవుతాడు, డోన్‌లో ఉన్న రోజుల్లో ఆదివారం గుడిలో మగవాళ్ళ వైపు స్తంభం పక్కన కూర్చునేవాడు, పాట ఎత్తుకుంటే మాత్రం అందరికంటే ముందు పోయేవాడు, ఆయన్ని ఆపలేక వాయిద్యం వాయించేవాళ్ళు పరుగెత్తేవాళ్ళు.

షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, సెంటు వాసన, బంతిపూల దండలు, విశ్వాసమ్మ మొగుడి తల దగ్గర కూర్చుని తెల్లగుడ్డ అంచు సర్దుతోంది, మళ్ళీ సర్దుతోంది, మహిమ పోయి ఆమె పక్కన కాసేపు కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, లేచి వెనక ఆడవాళ్ళలో నిలబడింది, పాటలు అయ్యాయి, వాక్యం అయింది, అయ్యగారు ప్రార్థన ముగించారు, ఆమేన్ అన్నారందరూ, వడ్రంగి మూత పట్టుకుని నిలబడ్డాడు, ఇంక వాచీ తీయడమే తరువాయి, అని ఆమె అలవాటుగా కుడివైపు చూసింది, మగవాళ్ళు నిలబడే చోట, తెల్లచొక్కా మనిషి ఒకడు అందరినీ మెల్లగా తప్పించుకుంటూ ముందుకు రావాలి, రాలేదు, ఎక్కడున్నాడీయన, బయట ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి ఉంటాడు, అని ఒక్క క్షణం నిజంగానే అనుకుంది, అనుకుని, గబుక్కున మొహం తిప్పుకుంది.

ఎందుకంటే ఆ రోజు కూడా ఇలాగే చూసింది, జ్ఞానరాజు పెట్టె దగ్గర నిలబడి, ముందు రోజు పొద్దున బీరువా అంతటికీ కీ ఇచ్చి, చివర తన వాచీకి ఇచ్చుకుని, చేతికి కట్టుకుని, కాఫీ ఇయ్యి మహిమా అని కుర్చీలో కూర్చున్నవాడు ఆమె గ్లాసుతో వచ్చేసరికి లేడు, మర్నాడు పెట్టెలో పడుకోబెట్టారు, ప్రార్థన అయింది, ఆమేన్ అన్నారు, మూత పట్టుకుని మనిషి నిలబడ్డాడు, అందరూ ఆగారు, అయ్యగారు ఆగారు, ఆమె కుడివైపు చూసింది, ఆయన వచ్చి వాచీ తీస్తాడని, పెట్టెలో ఉన్నది ఆయనే అన్న సంగతి కళ్ళకి తెలుసు, మెడకి తెలియలేదు, అది ఆ వైపే తిరిగింది, కాసేపు ఆగి మూత వేసేశారు, ఊరందరి చేతుల్లోంచి విప్పినవాడి చెయ్యి విప్పేవాళ్ళు లేక వాచీతోనే లోపలికి పోయింది, మట్టి వేసి ఇంటికి వచ్చి బీరువా తలుపు తీసినప్పుడు గానీ ఆమెకి తట్టలేదు, ఆయనది లేదు, అందరివీ ఉన్నాయి, ఆయనదే లేదు, మట్టి కింద ఒంటరిగా ఎంతసేపు నడిచి ఉంటుంది, ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, ఆ తలుపు ముందే లోపల ఏదో నిలిచిపోయింది, అప్పట్నించీ అలాగే ఉంది.

మహిమా, అని పిలుపు వినబడింది, విశ్వాసమ్మ, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఏంది మా ఆడనే నిలబడినావు, రా, తీసుకో, పొద్దున నేనే కీ ఇచ్చినా, నీకు నడిచేదే ఇయ్యాలని, అంది, అప్పుడు చూసింది, అందరి మొహాలూ ఇటే తిరిగి ఉన్నాయి, అయ్యగారు, వడ్రంగి, చుట్టాలు, కుడివైపు ఎవరూ చూడటం లేదు, ఆడవాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు, ఆమె కాళ్ళు నడిచాయి, ఏసన్న చెయ్యి చల్లగా బరువుగా ఉంది, బెల్టు తోలు ఎండి బిర్రబిగుసుకుంది, గోరు విరిగింది గానీ వచ్చింది, చెవి దగ్గర పెట్టుకుంది, ఉన్నాడు, హడావిడిగా, పాట ఎత్తుకున్నట్టే, మూత పడింది, అయ్యగారు దగ్గరకొచ్చి మెల్లగా, దాన్ని గూడా హాల్లోకే ఇచ్చేద్దామా అమ్మా, అన్నారు, వద్దయ్యగారూ, ఏవీ వద్దు, వీటికి కీ ఇయ్యాల, నేను ఇస్తా, అంది, తన గొంతేనా అది అనిపించింది, జాకెట్టులో దాచుకుని, పైన చెయ్యి అదిమి పట్టుకుని జనం వెనకే సమాధుల తోటకి నడుస్తుంటే ఒంటికి ఆనుకుని అది కొట్టుకుంటోంది, ఆ రోజు కూడా వీళ్ళందరూ ఆగింది తన కోసమే, తను వచ్చి తీస్తుందని, తను ఒక్కతే అటు చూసింది, అప్పట్నించీ అటే చూస్తోంది, ఆయన వచ్చేదాకా బీరువా కాస్తున్నట్టు, ఎవరిదో పని చేసిపెడుతున్నట్టు కీ ఇస్తోంది, ఏడుపు అక్కడ, ఎర్రమట్టి దారి మధ్యలో వచ్చింది, ఎవరూ ఆపలేదు, ఏసన్న కోసమని అనుకుని ఉంటారు, అనుకోనీ, జ్ఞానరాజు రాడు.