ఖాకీ అట్టల కింద

నేను ఒక కొబ్బరి తాడుని. నన్ను శిక్షణ తరగతికి తీసుకెళ్లిన ఉదయం ఆకాశం మబ్బేసి, కురవాలో మానాలో తేల్చుకోలేక గోదారి మీదికి వాలి ఉంది.

నన్ను పేనింది గోదారి నడుమ లంకలో ఒక ముసలమ్మ. పీచు నానబెట్టి, మెలేసి, కాలికి తగిలించి గుంజి చూసింది. ఆ తరవాత గెలలు దింపాను, పడవ కట్టాను, ఒక పొగరుబోతు గేదె వెనక ఊరంతా తిరిగాను. ముడి వేసేటప్పుడున్న ఓర్పు విప్పేటప్పుడు మనుషులకి ఉండదు. చివరికి సత్యవేణి టీచరు చేతికొచ్చాను.

ఆవిడ తన బళ్లో లైబ్రరీ చూస్తుంది. జిల్లాలో లైబ్రరీలు చూసే మిగతా మాస్టర్లకి ఆ రోజు ఆవిడే శిక్షణ ఇవ్వాలి. పుస్తకాలు బీరువాల్లోంచి పిల్లల చేతికి రావాలని ఆవిడ పట్టు. వీళ్లు సరేనంటేనే అది జరిగేది. కాదంటే బీరువాల తాళాలు అలాగే ఉంటాయి.

హాల్లో ఈ గోడకీ ఆ గోడకీ నన్ను కట్టి, వాళ్లు తమ బీరువాల్లోంచి తెచ్చిన పుస్తకాలు నా మీద ఆరేసింది. అన్నిటికీ ఖాకీ అట్టలే. మాసిపోకూడదని పేర్లు సైతం కప్పేశారు. గేదెకైతే ఏం కావాలో అరుపుని బట్టి తెలిసేది. వీటి లోపల ఏముందో తెలీక నాకు ఒకటే ఆరాటం.

అందరిలో పెద్దాయన వీర్రాఘవులు మాస్టారు లేచారు.

"అమ్మాయ్, ఇవి పుస్తకాలా, ఉతికిన బట్టలా? పిల్లలు చింపి పోగులు పెట్టేస్తారు. మా బీరువాలో ఒక్కదానికీ మడత పడలేదు తెలుసా?"

"చదివితే కదండీ పడ్డానికి!" అంది వెనక నుంచి ఓ టీచరమ్మ. హాలంతా నవ్వింది.

సత్యవేణి నవ్వలేదు. "మీకు నచ్చింది ఒకటి ఏరుకోండి మాస్టారూ."

ఆయన నా పక్కనే నడిచారు. ఒకటి ముట్టుకుని వదిలేశారు. ఆ చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చారు.

"ఏది ఏదో ఎలా తెలుస్తుందమ్మా?"

"మా పిల్లలూ అదే అడిగేవారండి. అందుకే మా బళ్లో అట్టలు తీసేశాను."

ఆయన చేతికందిన పుస్తకం అట్టని గోటితో మెల్లిగా లేపారు. కింద వెండిలా మెరుస్తూ ఒక చేప బొమ్మ.

"ఓర్నీ! పులస గురించా! ఇది మా బీరువాలోదే కదమ్మా!"

ఆపైన హాలంతా అట్టలు చిరిగిన చప్పుడే. భోజనాలకి పిలిచేసరికి నా మీద ఒక్క పుస్తకమూ మిగల్లేదు. మాస్టారు వెళ్తూ వెళ్తూ నన్ను పట్టి లాగి చూశారు.

"మా బడికి ఎంత పొడుగు కావాలంటావమ్మా?"

హాలు ఎదుటి వసారాలో ఆకులేశారు. అందరికీ కుడిచెయ్యి అన్నంలో, ఎడమచేతిలో పుస్తకం. వడ్డించేవాడు సాంబారు కావాలాండీ అని వరస పొడుగునా అడిగి, ఎవరూ పలక్కపోతే పోసుకుంటూ పోయాడు. సత్యవేణి కూడా వరస చివర కూర్చుని, ఎవరినీ కదిలించకుండా తింది.