తల్లీకూతుళ్ళ కాపలా

నక్కతోక తొక్కితే అదృష్టం కలిసొస్తుందంటారు. మా బీట్లో నక్కలకూ కొదవలేదు, వాటి తోకలకూ కొదవలేదు. అదృష్టం మాత్రం ఏ పొదలో దాక్కుందో, నేను ఈ ఇంట కాలుపెట్టి ఇన్నేళ్ళయినా కంటపడలేదు.

మాది పెద్ద కమతమేమీ కాదు. వాగు నుంచి ఇంటిదాకా పల్లపు పచ్చిక, ఇంటి వెనక మిట్ట, ఒక గొర్రెల మంద, కాసిని ఆవులు. వానలు వెనకపట్టగానే మాకు చాకిరీ మొదలవుతుంది. వాగు పొంగినప్పుడల్లా కంచె రాటలను పీకి పారేస్తుంది. వాటిని మళ్ళీ పాతాలి, తీగ బిగించాలి, నీళ్ళతొట్టిలో పేరుకున్న బురద ఎత్తిపోయాలి, గొర్రెలు నమిలితే కడుపుబ్బి చచ్చే పిచ్చిమొక్కలను వేళ్ళతో సహా లాగాలి. గొర్రెలు ఈనడం మొదలుపెట్టేలోగా ఇదంతా అయిపోవాలి. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఆయన కనపడినవాళ్ళందరికీ చెబుతాడు. ఏటా వాగుతో కుస్తీపట్టే మనిషికి అది ముక్కుమీద కాక ఇంకెక్కడుంటుంది?

ఆ ఏడు కంచె పని సగంలో ఉండగానే మా మామగారు వంటింటి గుమ్మంలో నిలబడి మాట తేల్చేశారు.

"ఈ ఈతల్లో ఒక్క పిల్ల పోయినా మందు పెట్టేస్తానమ్మాయ్. ఆ తర్వాత నామీద పడి ఏడవొద్దు."

మందంటే విషం. మాంసం ముక్కలకు పట్టించి, నక్కలు తిరిగే దారిలో పడేస్తారు. కిందటేడు మాకు పోయిన గొర్రెపిల్లలు తక్కువేం కాదు కాబట్టి ఆయన కడుపుమంట నాకు తెలుసు. కానీ ఆ మాట వినగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇదివరకొకసారి పెట్టారు. నక్క చచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. మా కోతలరాయుడు మాత్రం చచ్చాడు. వాడు మా పాత కుక్క. దూరాన పిల్లి కనపడితే పులిని చూసినట్టు మొరిగేవాడు, అది దగ్గరికొస్తే నా కాళ్ళ మధ్య దూరేవాడు. పెరట్లో నా ఒళ్ళో తలపెట్టుకుని గిలగిలా కొట్టుకుని పోయాడు. ఆ వెనకే గద్దలు పోయాయి, గుడ్లగూబలు పోయాయి. ఎలుకలు గడ్డివాములో హాయిగా కాపురాలు పెట్టుకున్నాయి. ఇన్నాళ్ళకు మళ్ళీ మిట్టమీద గద్దలు తిరుగుతున్నాయి. తొట్టి దగ్గర ముంగిస కనపడుతోంది. మళ్ళీ విషమనేసరికి నాకు ఏడుపూ కోపమూ తన్నుకొచ్చాయి. నాకు ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

"ఈ ఒక్క కాలం నాకు వదిలేయండి మామయ్యా," అన్నాను.

"నువ్వేం చేస్తావు? కర్ర పట్టుకుని కూర్చుంటావా?"

"గాడిదను పెడతాను."

భోజనం చేస్తున్న మా ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి, "కొత్తదెందుకూ, నేను లేనూ?" అన్నాడు.

"మీకు వెనక్కాలు ఎత్తి తన్నడం రాదు," అన్నాను.

సంగతేమిటంటే, గొర్రెలకు సూదులు వెయ్యడానికొచ్చిన పశువుల డాక్టరమ్మ నాకు చెప్పింది. గాడిదకు నక్కన్నా కుక్కన్నా ఒళ్ళు మంట. మంద మధ్య పెరిగితే గొర్రెలే తన వాళ్ళనుకుంటుంది. నక్క వాసన తగిలిందా, ఊరు లేచేట్టు అరుస్తుంది, వెంటపడి తంతుంది. మామగారు పెదవి విరిచారు గానీ, కాదనలేదు.

గాడిదలమ్మే పెద్దాయన దగ్గరికి ముగ్గురం కలిసే వెళ్ళాం. దొడ్డిలో ఒక తల్లీ, దాని ఎదిగిన కూతురూ ఒకదాని మెడమీద ఒకటి తల వాల్చి నిలబడి ఉన్నాయి. కాపలాకని చెప్పగానే ఆయన తల్లిని చూపించాడు.

"దీన్నొక్కదాన్నే తోలుకెళ్ళండి. రెండూ ఉన్నాయా, ముచ్చట్లలో పడి మందను మర్చిపోతాయి," అన్నాడు.

తల్లి మెడకు తాడు వేసి గేటు దాటించామో లేదో, లోపల కూతురు గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. తల్లి నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి కదలనంది. మా మామగారు తాడు వదిలేశారు.

"తల్లినీ బిడ్డనూ విడదీసిన పాపం మనకెందుకు? రెండింటినీ తీసుకుపోదాం."

నేను నోరు వెళ్ళబెట్టాను. పెద్దాయన వద్దని మొత్తుకున్నాడు, నేనూ చెప్పి చూశాను. మామగారు ఒకసారి బిగుసుకున్నారంటే ఆ గాడిదలే నయం.

తీరా తెచ్చి మందలో వదిలితే పెద్దాయన చెప్పినట్టే అయింది. తల్లీకూతుళ్ళు పొద్దస్తమానం కంచె మూల చేరి ఒకదాని వీపు ఒకటి గోక్కుంటూ ఉండేవి. గొర్రెలు ఇటుపోతే అవి అటుపోయేవి. అవి చేసిన కాపలా అల్లా మా కొత్త కుక్క దొరగారిని తరమడమే. గిన్నె ముందుకొస్తే తప్ప లేవడు గనక వాడికా పేరు. అలాంటివాడు గాడిదల దెబ్బకు ఇంటి చూరు కింద చేరి, పచ్చికవైపు చూడడమే మానేశాడు.

చలి ముదిరింది. గొర్రెలు ఈనడం మొదలుపెట్టాయి. మంచు పట్టిన ఒక ఉదయం, పుట్టి రెండు రోజులైనా కాని పిల్ల ఒకటి వాగొడ్డున సగమే దొరికింది. దాని తల్లి పాలు కారుతున్న పొదుగుతో అరుస్తూ తిరుగుతోంది. గాడిదలు మూలన నిలబడి కళ్ళు మూసుకుని వీపులు గోక్కుంటున్నాయి.

మామగారు కొట్టంలోకి వెళ్ళి మందు డబ్బా దింపారు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"మాటంటే మాటే అమ్మాయ్. తప్పుకో."

"తప్పుకోను. రెండు గాడిదలు కావాలన్నది మీరు. అవి ముచ్చట్లాడుకుంటుంటే నక్కనెందుకు చంపడం?"

"అయితే ఏమంటావు? ఆ కూతురు గాడిదను తల్లి నుంచి లాగేయాలా? విన్నావుగా అది ఎలా ఏడ్చిందో."

"విన్నాను. ఆ నక్క కూడా పిల్లలతల్లే మామయ్యా. వాగొడ్డు బొరియలో ఉన్నాయి. దానికి మందు పెట్టి, ఇక్కడ గాడిదను చూసి కన్నీళ్ళు పెట్టుకుంటే ఎట్లా?"

ఆయన ముఖం మాడిపోయింది. ఇన్నేళ్ళలో నేను ఆయనతో అంతమాట అనలేదు. మా ఆయన గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. చివరికి మామగారే డబ్బా గూట్లో పెట్టేశారు.

"ఇంకొక్క పిల్ల," అన్నారు. "ఇంకొక్కటి పోయిందంటే నువ్వు చెప్పినా ఆగను, నీ మొగుడు చెప్పినా ఆగను."

ఆ రోజే కూతుర్ని మిట్టమీద ఆవులతో కట్టేశాం. తల్లిని వాగుపక్క గొర్రెలతో ఉంచాం. ఇక చూడండి, పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి, మా చెవుల తుప్పు వదిలించాయి. మామగారు చెవుల్లో దూది పెట్టుకుని కంచం ముందు కూర్చునేవారు, రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. నాకూ మనసు బాగుండేది కాదు. కానీ వెళ్ళి సముదాయించడానికి లేదు. తల్లికి మనుషుల తోడు అలవాటైతే గొర్రెల తోడు అక్కర్లేకుండా పోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నేను దూరం నుంచే చూసి వచ్చేదాన్ని.

అరుపులు ఒక్కసారిగా ఆగలేదు. మెల్లగా పలచబడ్డాయి. చలి విరిగి, కంచె వెంట కొత్త గడ్డి మొలిచేనాటికి ఒక ముసలి గొర్రె దాని పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత గొర్రెపిల్లలు దాని కాళ్ళ సందుల్లోంచి పరిగెత్తేవి. అది కాలు ఎత్తి, కింద ఎవరూ లేరని చూసుకుని మరీ దింపేది. అది చూసిన రోజు నేను మా ఆయన వీపుమీద ఒక్కటిచ్చాను, సంతోషం పట్టలేక. ఎందుకు కొట్టానో ఆయనకు అర్థం కాలేదు.

గండం గట్టెక్కిందనుకున్నాను. పిల్లలు గడ్డికి మరుగుతున్న రోజుల్లో, పొద్దున్నే మంద లెక్కపెట్టి మా ఆయన వాడిపోయిన ముఖంతో వచ్చాడు. నల్లమచ్చల పిల్ల లేదన్నాడు, ఆ మాట అప్పటికే మామగారి చెవిన పడిందన్నాడు. తల్లి గొర్రె కూడా కనపడలేదు, గాడిదా కనపడలేదు.

నేను కొట్టంలోకి పరిగెత్తాను. గూట్లో డబ్బా లేదు. మామగారు లేరు. చూరు కింద దొరగారు కూడా లేడు. మాంసం వాసనకు ఆయన వెంట పడ్డాడని తెలిసిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా వాగువైపు పడుతూ లేస్తూ పరిగెత్తాను. కళ్ళముందు కోతలరాయుడే కదలాడాడు. ఈసారి దొరగారిని ఒళ్ళో పెట్టుకోవాల్సివస్తే ఈ మామగారి ముఖం ఇక జన్మలో చూడననుకున్నాను.

వాగొడ్డున రెల్లు చాటున మామగారు చతికిలబడి ఉన్నారు. మెడలోని తువ్వాలుతో దొరగారిని తన మోకాలికి కట్టేసుకున్నారు. పక్కన మందు కలిపిన మాంసం సంచి, మూతి బిగించే ఉంది. నేను నోరు తెరవబోతే వేలితో వద్దని, ముందుకు చూపించారు.

కాస్త దిగువన, కంచె తెగిన చోట గాడిద నిలబడి ఉంది. చెవులు నిక్కబొడుచుకుని కదలకుండా చూస్తోంది. దాని వెనక తల్లి గొర్రె, గొర్రె కింద పాలు తాగుతూ నల్లమచ్చల పిల్ల. దారితప్పి కంచె దాటినట్టున్నాయి. గాడిద వాటి వెంట వచ్చినట్టుంది.

వాగులో నక్క ఉంది. నోట తన పిల్లను కరుచుకుని, కడుపులోతు నీళ్ళలో అవతలికి పోతోంది. అవతలి గట్టుమీద పిల్లను దించింది, మళ్ళీ వచ్చింది. ఒడ్డెక్కుతూ గాడిదను చూసి బెదిరి వెనక్కి తగ్గింది. గాడిద నేలను కాలితో కొట్టింది. ఆ నక్క వణుకుతూనే చుట్టుతిరిగి బొరియలో దూరి, ఇంకో పిల్లను పట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

"ఇందాకటి నుంచీ ఇదే పని," అన్నారు మామగారు మెల్లగా. "ఈ గాడిద మహాతల్లి అరుపులకు దానికి కంటిమీద కునుకు లేకుండా పోయినట్టుంది. ఇల్లు ఖాళీ చేస్తోంది."

"మందు పెట్టారా?"

"పెట్టబోయాను. సంచి విప్పుతుంటే అది నా ముందు నుంచే పోయింది, నోట్లో పిల్లతో. నన్ను చూసింది. చూసి కూడా పిల్లను వదల్లేదమ్మాయ్." ఆయన సంచి మూతి ఇంకాస్త బిగించారు. "వదిలేసి పారిపోతే బతుకుతుంది కదా. వదల్లేదు."

నేను ఆయన పక్కనే కూలబడి భోరుమని ఏడ్చాను. కుక్క బతికినందుకో, పిల్ల దొరికినందుకో, ఈ ముసలాయన సంచి విప్పనందుకో నాకే తెలియదు. దొరగారు నా చెయ్యి నాకాడు.

ఆఖరి పిల్ల అవతలికి చేరాక మామగారు లేచారు. డబ్బాతో సహా సంచిని పూడ్చాలన్నారు. వాగుపక్కన వద్దు, నీళ్ళలో కలుస్తుంది, మిట్టమీదికి పోదామన్నాను. పోయి పార తెచ్చాను. ఆయన తవ్వడం మొదలుపెట్టారు. నేల గట్టిది, ఆయనకు ఆయాసం. నాలుగు పెళ్ళలు లేచేసరికే చొక్కా తడిసిపోయింది.

"ఇలా ఇవ్వండి మామయ్యా, నేను తవ్వుతాను."

"వద్దు. కలిపింది నేను," అన్నారాయన. "ఇంకా లోతు పోవాలి, ఏ కుక్కా తవ్వలేనంత లోతు. నువ్వు ఆ దొరను పట్టుకో."

నేను దొరగారి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుని కూర్చున్నాను. గొయ్యి ఆయన నడుం దాకా వచ్చేవరకూ తవ్వుతూనే ఉన్నారు.